ఎం.ఏ. (ఆధునిక చరిత్ర)

ఎం.ఏ. (ఆధునిక చరిత్ర) అనేది డిగ్రీ పూర్తి చేసిన తరువాత సాధారణంగా రెండు సంవత్సరాలు, నాలుగు సెమిస్టర్లుగా చదివే స్నాతకోత్తర కోర్సు. భారతదేశంలోని అనేక విశ్వవిద్యాలయాలు పట్టాపై కేవలం "చరిత్ర" అనే వ్రాస్తాయి. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక విభాగాలలో ఒకదానిని విద్యార్థి ప్రత్యేకాంశంగా ఎంచుకోవలసి ఉంటుంది. తెలుగునాట ఉస్మానియా (1918), ఆంధ్ర (1926), హైదరాబాదు (1974) విశ్వవిద్యాలయాలలో చరిత్ర శాఖలు ఉన్నాయి. ఉద్యోగస్తులు ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా దూరవిద్యలో చదువవచ్చును.

ఆధునిక యుగం ఎప్పటి నుండి?

జేమ్స్ మిల్ 1817లో వెలువరించిన గ్రంథంలో భారత చరిత్రను హిందూ, మహమ్మదీయ, బ్రిటిషు యుగాలుగా విభజించాడు. నేటి ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక విభజనలో ఆ నీడ ఇంకా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఔరంగజేబు మరణంతో (1707) గాని, ప్లాసీ యుద్ధంతో (1757) గాని ఆధునిక యుగాన్ని ప్రారంభిస్తాయి. తెలుగు ప్రాంతాలకు ఈ లెక్క సరిగా అతకదు. ఉత్తర సర్కారులపై కంపెనీకి హక్కు 1766లో నిజాముతో ఒప్పందం ద్వారా వచ్చింది. దత్తమండలాలు 1800లో చేతులు మారాయి. తెలంగాణ 1948 వరకు నిజాము రాజ్యంలోనే ఉన్నది.

మూలాధారాలు

ఎం.ఏ.కు, డిగ్రీకి గల అసలు భేదం ఇక్కడే ఉన్నది. డిగ్రీలో చరిత్రకారుడు చెప్పినది నేర్చుకుంటే చాలు. ఎం.ఏ.లో అతడు ఏ కాగితం చూసి అలా చెప్పాడో విచారించాలి. గైడ్లు బట్టీ పట్టి ప్రథమ శ్రేణి తెచ్చుకున్నవారు లేకపోలేదు గాని, లఘు పరిశోధన వ్రాయవలసి వచ్చినపుడు వారికి చేతులాడవు.

ఉదాహరణకు 1832-33 నాటి గుంటూరు కరువును (నందన నామ సంవత్సరంలో వచ్చినందున నందన కరువు అంటారు) తీసుకొందాం. దీనికి మద్రాసు రెవెన్యూ బోర్డు దస్త్రాలు ముఖ్యం. వాటికోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారానికి వెళ్ళాలి. అక్కడ లెక్కలు ఫసలీ సంవత్సరాలలో ఎదురవుతాయి. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన క్రీస్తు శకం వస్తుంది. అనగా ఫసలీ 1242 అంటే 1832-33. ఈ చిన్న కూడిక తెలియక ఏడాది తప్పు పడిన వ్యాసాలు ఉన్నాయి. అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ గుంటూరు జిల్లాపై 1965లో ప్రచురించిన గ్రంథం చదివితే, జిల్లా కచేరీ కాగితాల నుండి ఎంత చరిత్ర రాబట్టవచ్చునో తెలుస్తుంది.

తెలంగాణపై పనిచేసేవారికి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం ఆధారం. అయితే నిజాము ప్రభుత్వ వ్యవహారాలు 1880ల వరకు ప్రధానంగా ఫార్సీలోను, ఆ తరువాత ఉర్దూలోను నడిచాయి. ఉర్దూ లిపి చదవలేని విద్యార్థి తన తాతల ఊరి దస్త్రాన్నే అనువాదకుని సాయం లేకుండా విప్పలేడు. మొదటి సెమిస్టరులోనే ఉర్దూ అక్షరాలు దిద్దుకోవడం మేలు.

కచేరీ దస్త్రాలలో అధికారి మాట ఉంటుంది, రైతు మాట అరుదు. ఆ లోటును కొంతవరకు పత్రికలు తీరుస్తాయి. కృష్ణా పత్రిక (1902), గోలకొండ పత్రిక (1926) ఇందుకు ముఖ్యమైనవి. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలకు ప్రసిద్ధి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి "మనకు తెలియని మన చరిత్ర" (1986) పేరుతో ప్రచురించింది. మౌఖిక చరిత్రకు తెలుగులో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ప్రవేశం, ఉద్యోగాలు

ప్రవేశాలు ప్రవేశ పరీక్షల ద్వారా జరుగుతాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల కొరకు సి.యు.ఇ.టి. (పి.జి.) 2022లో మొదలైనది. జూనియర్ కళాశాల అధ్యాపక పదవికి ఎం.ఏ. అవసరం. విశ్వవిద్యాలయ అధ్యాపకత్వం కోరేవారు యు.జి.సి. నెట్ వ్రాస్తారు. ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. చరిత్ర ప్రశ్నపత్రం ఆంగ్లం, హిందీలలోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు పారిభాషిక పదాలను ఆంగ్లంలోను నేర్చుకోవాలి. పైగా పాఠ్యాంశం ప్రాచీన కాలం నుండి మొదలవుతుంది గనుక, రెండేళ్ళు ఆధునిక చరిత్ర మాత్రమే చదివినవారు శాసనాలు, నాణేలు మళ్ళీ మొదటి నుండి చదువుకోవలసి వస్తుంది.