సవారీకి వెళ్తే సవారో!

చుట్టపుచూపుగా వచ్చినాయన వెళ్తూ వెళ్తూ "నా తిండి ఖర్చు తీసుకోండి" అన్నాడనుకోండి. మనింట్లో అయితే ఎంత నొచ్చుకుంటారు! అమెరికాలో ఒక వ్యాపారమే అలా పుట్టిందని మీకు తెలుసా? డకోటాలో పశువులు పెంచుకునే ఈటన్ అన్నదమ్ముల దగ్గరికి పట్నం స్నేహితులు వచ్చేవారు. గుర్రాలెక్కి తిరిగేవారు. రోజుల తరబడి ఉండిపోయేవారు! 1882లో ఒక అతిథి తనంతట తనే డబ్బు తీసుకోమన్నాడు. డబ్బిచ్చి అతిథులుగా గడిపే పశువుల క్షేత్రాలు, అంటే గెస్ట్ రాంచ్‌ల కథ అక్కడ మొదలైంది!

ఇప్పుడు అలాంటి రాంచ్‌లు ఎడారిలోనూ ఉన్నాయి. అరిజోనాలో టూసాన్ అనే ఊరి చుట్టుపక్కలకి వెళ్ళండి. పొద్దున్నే జీను కట్టిన గుర్రం మీకోసం రెడీగా ఉంటుంది. ఎక్కి కూర్చుంటే సొనోరన్ ఎడారిలోకే దారి! ఇసుక దిబ్బలు ఊహించుకుంటున్నారా? కాదండీ, పచ్చగా ఉంటుంది! అక్కడ ఏడాదికి పడే వాన 300 మిల్లీమీటర్లే. మన అనంతపురంలో అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. అయినా అక్కడ చెట్లు, పూలు, పిట్టలు!

ఎక్కేముందు మీ బరువు అడగొచ్చు. తగ్గించి చెప్పకండి! గుర్రం హాయిగా మోయగలిగేది తన బరువులో 20 శాతం వరకేనని లెక్క. జీను బరువు కూడా అందులోనిదే! ఆ లెక్క చూసుకునే ఎవరికి ఏ గుర్రమో చెప్తారు.

గుర్రానికి వీపు మీద కూడా కళ్ళున్నట్టే! తల కదపకుండా దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. రికాబులో పెట్టిన మీ కాలు కూడా దాని కంటపడుతుంది! కనిపించనివి రెండే చోట్లు. ఒకటి సరిగ్గా నుదుటి ముందు, రెండోది తోక వెనకాల. అందుకే వెనక నుంచి వెళ్ళొద్దంటారు. పక్కగా, భుజం వైపు నుంచి, పలకరిస్తూ వెళ్ళండి. ముందు ఒక చెవి మీ వైపు తిరుగుతుంది. తర్వాతే తల తిరుగుతుంది. ఆ చెవి తిరగడం చూశారా, ఇక మీకు స్నేహం కుదిరినట్టే!

ముఖం చిట్లించుకుని మాత్రం దగ్గరికి వెళ్ళకండి. బ్రిటన్‌లో 28 గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు. కొన్ని నవ్వు ముఖాలు, కొన్ని కోపం ముఖాలు. కోపం ముఖం చూడగానే వాటి గుండె వేగం ఇట్టే పెరిగింది! ఫొటోకే అంత! మరి ఎదురుగా నిలబడితే?

గుర్రం చెమట నురగ కడుతుందని తెలుసా? అది జబ్బు కాదు! ఆ చెమటలో సబ్బులా పనిచేసే ఒక ప్రొటీన్ ఉంది. వెంట్రుకల మీద చెమటని పలచగా పరిచి త్వరగా ఆరేలా చేస్తుంది. ఒళ్ళు చల్లబడుతుంది! ఎండలో గట్టిగా పరుగు పెడితే గంటకి 10 లీటర్ల దాకా చెమట పోతుంది! తిరిగొచ్చాక జీను దించేటప్పుడు దగ్గరుండి చూడండి. కింద వేసిన దుప్పటి తియ్యగానే వీపు మీద జీను ఆకారంలోనే తడి మచ్చ. అంచుల్లో తెల్లటి నురగ. సన్నగా ఆవిరి కూడా!

ఇక అసలు అద్భుతానికి వద్దాం. సినిమాల్లో చేతులెత్తి నిలబడ్డట్టు కనిపించే ఆ పెద్ద జెముడు చెట్టు పేరేంటో తెలుసా? సవారో! మనం సవారీకి వెళ్తే, దారంతా సవారోలు! మొదటి 8 ఏళ్ళలో అది ఎంత పెరుగుతుందంటారు? ఒకటీ ఒకటిన్నర అంగుళం! మీ బొటనవేలంత కూడా ఉండదు! దాని పక్కనుంచి మీ గుర్రం వెళ్ళినా మీకు కనిపించదు.

మరి ఆ చేతులెప్పుడొస్తాయి? చాలా వాటికి 50 ఏళ్ళు దాటాకే! కొన్నిటికి అసలే రావు. నాలుగు చేతులున్న సవారో కనిపించిందా? గుర్రం ఆపండి. మన ముత్తాతల నాటి నుంచీ అది అక్కడే నిలబడి ఉండొచ్చు! నాకైతే ఈ ఎడారిలో అన్నిటికంటే ఇదే ఎక్కువ ఇష్టం.

దాని ఒంటి మీద నిలువు మడతలుంటాయి. హార్మోనియం తిత్తిలాగే! వానపడితే నీళ్ళు తాగి మడతలు విచ్చుకుంటాయి. ఎండాకాలం ముడుచుకుంటాయి. నీళ్ళు నిండిన పెద్ద సవారో 2 టన్నుల పైనే తూగొచ్చు!

దాని పండ్లు కోయడమూ ఒక వింతే. పండ్లు శిఖరాన కాస్తాయి. ఆ చెట్టు 12 మీటర్లు కూడా ఎదుగుతుంది! నిచ్చెన వేద్దామంటే ఒళ్ళంతా ముళ్ళు. అక్కడి తొహొనో ఓదమ్ ప్రజలు ఏం చేస్తారో తెలుసా? ఎండిపోయిన సవారో లోపలుండే పొడవాటి చీరికలు తీసుకుంటారు. ఒకదానికొకటి కట్టి దోటి చేస్తారు. సవారో పండు కోయడానికి సవారో దోటే!

గుర్రాలు నడిపించే మనిషి జేబులోకి ఓసారి తొంగి చూడండి. ఒక దువ్వెన కనిపించొచ్చు. తల దువ్వుకోడానికి కాదు! చోయా అనే జెముడు ముక్కలు ఊరికే ఊడొస్తాయి. ఇలా తగిలితే చాలు, అలా అంటుకుంటాయి! ఎగిరి మీద పడ్డట్టే ఉంటుంది. చేత్తో లాగితే చేతికీ గుచ్చుకుంటుంది. ముక్కకీ ఒంటికీ మధ్య దువ్వెన దూర్చి ఒక్క విసురు. అంతే, ఊడి దూరంగా పడుతుంది!

దారిలో ఒక పాత చుట్టం కూడా ఎదురవుతుంది. నాగజెముడు! మన చేల గట్ల మీద కంచెగా పెరిగేది! దాని సొంతూరు అమెరికా ఖండమే. 1492లో కొలంబస్ ఓడలు అటు వెళ్ళకముందు మన గడ్డ మీద ఒక్క నాగజెముడూ లేదు!

ఆ ఎడారి రాళ్ళ సందుల్లో నారింజ, నలుపు మచ్చల విషపు బల్లి ఒకటుంటుంది. పేరు హీలా మాన్‌స్టర్. దాని లాలాజలంలో దొరికిన పదార్థం షుగర్ మందుకి దారి చూపించింది! అదే నమూనాతో తయారైన ఎక్సెనటైడ్ అనే మందుకి 2005లో అమెరికా అనుమతి ఇచ్చింది. కనిపిస్తే దణ్ణం పెట్టండి. ముట్టుకోకండి!

ఇది వింటే మీరు ఉలిక్కిపడతారు. ఆ ఎడారికీ రుతుపవనాలున్నాయి! 'మాన్సూన్' అనే అంటారు! అక్కడి వాతావరణ శాఖ లెక్కలో అవి జూన్ 15న మొదలు. మన ఏరువాక రోజులే!

ఆ మొదటి ఉరుముకి భూమి అదురుతుంది. నెలల తరబడి మట్టిలో కూరుకుపోయి ఉన్న కప్పలు ఒక్కసారిగా పైకొస్తాయి! గుంటల్లో గుడ్లు పెడతాయి. నీళ్ళు ఇంకిపోయేలోగా పిల్ల పెద్దదవ్వాలి కదా? గుడ్డు నుంచి బుల్లి కప్ప దాకా 9 రోజులు చాలు! ఉరుకులు పరుగులంటే అదీ!

గుర్రమెక్కాక నెత్తిన టోపీ ఉండాలి కదా! కౌబాయ్ టోపీని 10 గ్యాలన్ల టోపీ అంటారు. అంటే రెండు బిందెల పైనే పట్టాలి! నిజంగా పట్టేది ఎంతో తెలుసా? 3 లీటర్లు కూడా కాదు!

ఇంకోటి చెప్పనా? గుర్రానికి అమెరికా పుట్టిల్లు! లక్షల ఏళ్ళు అక్కడే మేసింది. ఆసియా, యూరప్‌లకూ పాకింది. తర్వాత పుట్టింట్లోనే అంతరించిపోయింది! మళ్ళీ ఆ గడ్డ మీదికి ఓడలెక్కి వచ్చింది. స్పెయిన్ వాళ్ళు మెక్సికో మీదికి దండెత్తినప్పుడు కోర్టెజ్ తెచ్చినవి 16 గుర్రాలు. పదహారంటే పదహారే!

టూసాన్ దగ్గర ఒక ఊరు కేవలం సినిమా కోసం కట్టారు. 1939లో! కౌబాయ్ సినిమాలు అక్కడ ఎన్నో తీశారు. మరి మన కృష్ణగారు? 'మోసగాళ్లకు మోసగాడు' కోసం గుర్రమెక్కింది రాజస్థాన్ ఎడారిలో! ఆ సినిమా చూసి పెరిగినవాళ్ళు జీను మీద కూర్చోగానే నడుం నిటారుగా పెట్టేస్తారు!

రాత్రయింది. గుర్రం నిలబడే కునుకు తీస్తోంది. కాళ్ళ కీళ్ళు బిగుసుకుంటాయి, పడిపోదు! కానీ కలలొచ్చే గాఢ నిద్రకి మాత్రం పడుకోవాల్సిందే. రోజుకి 30 నిమిషాలైనా కావాలి. తెల్లవారుజామున మీకు మెలకువ వచ్చి కంచె దగ్గరికి వెళ్తే, నేల మీద ఒరిగి, కనురెప్పలు అదురుతూ కనిపించొచ్చు. ష్! అడుగుల చప్పుడు చెయ్యకండి!