చెత్త కాలిస్తే పోతుందా?

వేదాద్రి దారిలో టీకొట్టు నడుపుకునే ఒక పెద్దావిడ, ఆరేళ్ల మనవణ్ణి చంకనెత్తుకుని మా ఆసుపత్రికి వచ్చింది. రాత్రయ్యేసరికి పిల్లవాడికి దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. తెల్లారేసరికి కాస్త నెమ్మది. ఉబ్బసం అనుకున్నాను. మందిచ్చి పంపాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. మందు మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు గుండెల మీద గొట్టం ఆనించడానికి వంగితే వాడి చొక్కా నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమని కొట్టింది.

"ఏమమ్మా, ఇంటి దగ్గర ఏమన్నా కాలుస్తారా?" అని అడిగాను.

"ఏముందయ్యా, కొట్టు కట్టేసేటప్పుడు కప్పులూ, కవర్లూ వెనక దొడ్లో పోగేసి అంటిస్తా. శుభ్రంగా ఉండాలి గదా!" అంది.

మొదటిరోజే అడగవలసిన ప్రశ్న నేను మూడోసారికి అడిగాను. తప్పు నాది. ఆవిడ దృష్టిలో అది శుభ్రం. పిల్లవాడి ఊపిరితిత్తులకు మాత్రం రోజూ సాయంత్రం పట్టే పొగ. మన ఊళ్లలో ఎన్ని దొడ్లలో ఈ శుభ్రం జరుగుతోందో మీరే ఒకసారి చూడండి.

పొగలో ఏముంది?

ఎండుటాకుల పొగ కూడా మంచిది కాదు. ప్లాస్టిక్ పొగ మరీ చెడ్డది. దొడ్లో వేసే మంటకు వేడి చాలదు. సగం కాలుతుంది, సగం మసిగా, విషవాయువులుగా లేస్తుంది. అందులోని నలుసులు మన తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు వాటిని ఆపలేవు. తిన్నగా ఊపిరితిత్తుల అడుగుకు పోతాయి. పి.వి.సి. గొట్టాలు, వైర్ల తొడుగులు కాలిస్తే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. వీటిలో ఒకటి క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం తేల్చింది. ఇవి గడ్డి మీద పడి, పశువు కడుపులోకి వెళ్లి, పాలలోని కొవ్వుతో మళ్లీ మన గ్లాసులోకే రాగలవు.

"మరి సిమెంటు ఫ్యాక్టరీలలో ప్లాస్టిక్ కాలుస్తారటగా?" అని మీరడగవచ్చు. మా జగ్గయ్యపేట ప్రాంతంలో ఈ ప్రశ్న తరచు వింటాను. సిమెంటు బట్టీలో వేడి సుమారు 1400 డిగ్రీలు. పైన పొగను వడగట్టే ఏర్పాట్లుంటాయి. దొడ్లో మంటకూ దానికీ పోలికే లేదు. ఇంకెందుకూ పనికిరాని ప్లాస్టిక్‌ను పంచాయతీలు, మునిసిపాలిటీలు పోగుచేసి అక్కడికి పంపించుకోవచ్చు. మనం అంటించకూడదు. చెత్తను ఆరుబయట కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు చెల్లింపు విధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది.

కాల్చకుండా పడేస్తే?

అదీ పనికిరాదు. కొబ్బరిచిప్పలో, టీకప్పులో, పాత టైరులో నాలుగు చుక్కల వాననీరు నిలిస్తే చాలు. డెంగ్యూ దోమ అందులో గుడ్లు పెట్టి, వారం పదిరోజుల్లో కొత్త దోమలు లేస్తాయి. అందుకే వారానికొకసారి నీరు నిలిచినవన్నీ బోర్లించమంటాం. ఇక కృష్ణలో వదిలేస్తే? వేదాద్రి రేవులో విడిచిన బట్టా, కవరూ నదితోపాటు ప్రకాశం బ్యారేజీ వైపే పోతాయి. కింద బెజవాడవారు తాగేది ఆ నీళ్లే. స్వామి దర్శనానికి వచ్చి, పైవారి మొక్కు కిందివారికి రోగం కాకుండా చూసుకోవడం కూడా భక్తే.

మూడు గంపల లెక్క

మా చిన్నప్పుడు ఇంట్లో చెత్తంటే చేటెడు ఉండేది. కూరతొక్కలు గేదెకు, పేడ పెంటకుప్పకు, పాతబట్టలు స్టీలు సామాన్లావిడకు, సీసాలు, చిత్తుకాగితాలు సైకిలు మీద వచ్చేవాడికి పోయేవి. ఆ పద్ధతినే ఇప్పుడు మూడు గంపల్లో పెట్టండి.

మొదటిది తడి చెత్త. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన పూలు, టీపిప్పి. పంచాయతీ బండి వస్తే అందులో వేయండి. రాకపోతే దొడ్లో రెండు గుంటలు తీసి, ఒకటి నిండాక రెండోది వాడండి. తడి చెత్త మీద ప్రతిసారీ గుప్పెడు ఎండుటాకులో, మట్టో చల్లండి. వాసన రాదు, ఈగలు ముసరవు. పిండిన గుడ్డంత తేమ ఉంటే చాలు. రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. మాంసం, ఎముకలు మాత్రం వేయకండి, కుక్కలు తవ్వుతాయి.

రెండోది పొడి చెత్త. కాగితం, అట్టలు, డబ్బాలు, సీసాలు, పాలకవర్లు. పాలకవరును కడిగి ఆరబెట్టి దాస్తే పాతసామాన్ల వాళ్లు తీసుకుంటారు. అన్నం అంటిన కవరును ఎవరూ ముట్టరు. దాన్ని ఆవు మింగితే కడుపులో ఉండలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది ప్రమాదకరమైన చెత్త. ఇన్సులిన్ సూదులు, పాతమందులు, బ్యాటరీ సెల్లులు, ట్యూబులైట్లు. సూదుల్ని మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి మీ ఆసుపత్రిలో ఇవ్వండి. చెత్త తీసే మనిషి చేతికి సూది గుచ్చుకుంటే కామెర్ల వైరసులు, ఎయిడ్స్ వైరసు అంటుకునే ప్రమాదముంది. ఆ మనిషికీ పిల్లలున్నారు.

రైతులకు ఒక మాట

మా మెట్ట ప్రాంతమంతా పత్తి, మిరప. పురుగుమందు డబ్బా ఖాళీ కాగానే మూడుసార్లు నీళ్లతో కడిగి, ఆ నీళ్లు పిచికారీ డ్రమ్ములోనే పోయండి. తర్వాత డబ్బాకు చిల్లు పొడవండి. చిల్లు పొడవని డబ్బా ఏదో ఒకరోజు కిరోసిన్‌కో, నీళ్లకో వాడకంలోకి వస్తుంది. అలా వాడిన డబ్బాలోని నీళ్లు తాగిన కూలీని ఒకసారి రాత్రంతా కూర్చుని బతికించుకున్నాం. అన్నిసార్లూ అలా జరగదు. కాల్చవద్దు, కాలువలో వేయవద్దు.

కొట్లవారు, పెళ్లివారు

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, చెంచాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కాగితం కప్పు మంచిదనుకుంటారు గాని, దాని లోపల కూడా పల్చని ప్లాస్టిక్ పూత ఉంటుంది. విందులకు మోదుగాకు విస్తళ్లున్నాయి, అరిటాకులున్నాయి. కార్తీకదీపాలకు థర్మోకోల్ ఎందుకు, ఆకు దొప్ప చాలదూ? కిరాణాకొట్టు వారు కవరు అడిగినవారికే ఇవ్వండి. ఇంటినుంచి గుడ్డసంచీ తెచ్చుకోవడం నామోషీ కాదు.

ఇదంతా జరిగే పనేనా?

జరిగింది. హైదరాబాదు రోడ్డున కోదాడ దాటితే వచ్చే సూర్యాపేటలో 2003 ప్రాంతంలో, మునిసిపల్ కమిషనరు ఖాదర్ సాహెబ్ హయాంలో తడి, పొడి ఇళ్లలోనే విడదీయించారు. ఇంటింటికీ తిరిగి సేకరించి, తడిచెత్తతో వానపాముల ఎరువు చేశారు, పొడిచెత్త అమ్మారు. ఇతర రాష్ట్రాలవారు కూడా వచ్చి చూసి వెళ్లారు. మన పంచాయతీలలోనూ చెత్తనుంచి సంపద తయారుచేసే షెడ్లు కట్టారు. కొన్ని నడుస్తున్నాయి, కొన్నిటికి తాళాలున్నాయి. మీ ఊళ్లో తాళం ఉంటే సర్పంచిని అడగండి. అయితే కలగలిపిన చెత్తను ఏ షెడ్డూ బాగుచేయలేదని కూడా గుర్తుంచుకోండి. విడదీయడం మన వంటింట్లో జరగాలి.

మళ్లీ ఆ పిల్లవాడి సంగతి. పెద్దావిడ కాల్చడం మానేసింది. మామూలు రోజుల్లో గాజుగ్లాసులు పెట్టింది. "తిరనాళ్లకు అన్ని గ్లాసులు ఎవరు కడుగుతారయ్యా?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజుల కప్పుల్ని గోతాంలో నింపి పంచాయతీ బండికి ఇస్తోంది. పిల్లవాడికి జబ్బు పూర్తిగా పోలేదు, ఉబ్బసం అలా పోయేది కాదు. చలికాలంలో పీల్చేమందు వాడుతున్నాడు. కాని నిరుటి మాదిరి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగులు లేవు.

మీ ఇంట్లో ఎవరికైనా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటే డాక్టరుకు చూపించండి. మాట తడబడేంత ఆయాసం వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి. డాక్టరు అడగకపోయినా దొడ్లో వేసే మంట సంగతి మీరే చెప్పండి. నాకు మూడుసార్లు పట్టింది. మీ డాక్టరుకు మొదటిసారే తెలియనివ్వండి.