అచ్చుయంత్రం పట్టిన కవి - హాకీ మధుబుటి

ఒక కవి గురించి వ్యాసం రాయడానికి కూర్చుంటే మనం వస్తువు గురించి రాస్తాం, శిల్పం గురించి రాస్తాం, నిబద్ధత గురించి తప్పకుండా రాస్తాం. ఆ కవిత్వాన్ని అచ్చేసిందెవరు, ఎవరి డబ్బుతో, అచ్చయిన ప్రతులు ఎవరి ఇళ్లకు చేరాయి అన్న ప్రశ్నల్ని మాత్రం విమర్శ గడప దాటి లోపలికి రానివ్వం. ఉత్పత్తి సంబంధాల గురించి ఇంతగా మాట్లాడే మనకు, పుస్తకం కూడా ఒక ఉత్పత్తేనన్న సంగతి గుర్తుకు రాదు. అమెరికన్ నల్లజాతి కవి హాకీ మధుబుటి జీవితం చదివేవాడికి ఈ ప్రశ్నలను తప్పించుకునే దారి లేదు. నేనీ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఆయన 1942లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో పుట్టాడు. అసలు పేరు డాన్ ఎల్. లీ. పెరిగింది డెట్రాయిట్‌లో, కటిక దారిద్ర్యంలో. తల్లి ఒకనాడు రిచర్డ్ రైట్ రాసిన 'బ్లాక్ బాయ్' గ్రంథాలయం నుంచి తెమ్మని పంపింది. తన ఒంటి రంగును పేరులోనే మోస్తున్న ఆ పుస్తకాన్ని తెల్ల ఉద్యోగిని అడగడానికి సిగ్గుపడ్డానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అడగకుండా అరల్లో వెతికి పట్టుకున్నాడు. పదహారేళ్లకు తల్లి పోయింది. 1960లో సైన్యంలో చేరాడు. అక్కడ ఆయన చేతిలో ఉన్న పాల్ రోబ్సన్ పుస్తకాన్ని శిక్షణాధికారి లాక్కుని చింపేశాడు. పుస్తకమంటే పాలకులకు ఎంత భయమో తనకు తెలిసివచ్చింది ఆరోజేనంటాడు మధుబుటి. చదవడానికి సిగ్గుపడిన కుర్రవాడు, చదవనివ్వని వ్యవస్థను కళ్లారా చూసిన యువకుడు - ఈ ఇద్దరూ కలిసే తర్వాతి ప్రచురణకర్త తయారయ్యాడని నేననుకుంటాను.

1965లో మాల్కమ్ ఎక్స్ హత్య జరిగింది. ఆ ఆగ్రహంలోంచి నల్లజాతి కళోద్యమం ఎగసింది. షికాగో చేరిన డాన్ లీ తన మొదటి సంపుటి 'థింక్ బ్లాక్'ను సొంతంగా అచ్చేసి వీధి మలుపుల్లో నిలబడి అమ్మాడు. 1967లో కెరొలిన్ రోజర్స్, జొహారి అమిని అనే ఇద్దరు కవయిత్రులతో కలిసి, 400 డాలర్లతో, ఒక సైక్లోస్టైల్ యంత్రంతో, ఇంటి నేలమాళిగలో ప్రచురణ సంస్థ పెట్టాడు. పేరు 'థర్డ్ వరల్డ్ ప్రెస్'. ఆసియా, ఆఫ్రికా జాతుల పోరాటాలతో తమ పోరాటానికి బంధుత్వం ఉందన్న ప్రకటన ఆ పేరులోనే ఉంది.

ఆయన ఒంటరివాడేమీ కాదు. డెట్రాయిట్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసే కవి డడ్లీ రాండల్ 1965లో బ్రాడ్‌సైడ్ ప్రెస్ ప్రారంభించి, ఒక్కో కవితను ఒక్కో కాగితంగా అచ్చేసేవాడు. డాన్ లీ 'డోంట్ క్రై, స్క్రీమ్' (1969) వెలువడింది అక్కడి నుంచే. వీధి నుడికారం, జాజ్ సంగీతపు ఊపు, శాక్సఫోన్ కేకలా సాగదీసిన అక్షరాలు - కంటితో కంటే గొంతుతో చదవాల్సిన కవిత్వమది. 1950లోనే పులిట్జర్ బహుమతి పొందిన గ్వెండలిన్ బ్రూక్స్ పెద్ద ప్రచురణ సంస్థను వదులుకుని 1969లో బ్రాడ్‌సైడ్‌కు, తర్వాత థర్డ్ వరల్డ్ ప్రెస్‌కు తన పుస్తకాలిచ్చింది. పేరు ప్రతిష్ఠలున్న రచయిత్రి తన పేరును చిన్న ప్రచురణకు పెట్టుబడిగా పెట్టడమంటే ఇదీ.

మనకు ఇలాంటి చరిత్ర లేదా? ఉంది. 1930లలో శ్రీశ్రీ రాసిన గీతాలు 1950లో నళినీకుమార్ పూనుకుంటే గాని 'మహాప్రస్థానం'గా పుస్తకం కాలేదు. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. అది సాహసం, సందేహం లేదు. కాని సాహసం వేరు, సంస్థ వేరు. నా మొదటి సంపుటి 500 ప్రతులు వేసుకున్నప్పుడు ఒక పంపిణీదారు 200 తీసుకెళ్లాడు. డబ్బూ రాలేదు, పుస్తకాలూ రాలేదు. మిగిలినవి సభల్లో మిత్రులకు పంచాను. ఈ అనుభవం లేని తెలుగు కవి నాకింతవరకు తగల్లేదు. ఆవిష్కరణ సభతో మన ప్రచురణ ముగుస్తుంది. మధుబుటికి ప్రచురణ అక్కడ మొదలవుతుంది.

ఎందుకంటే ఆయన పుస్తకాలతో పాటు పాఠకుల్నీ తయారుచేసే ఏర్పాటు చేసుకున్నాడు. 1969లో విద్యాసంస్థ, 1971 నుంచి పుస్తక సమీక్షల పత్రిక, వాటి వెంట పుస్తకాల దుకాణం. జీవిక కోసం 1984 నుంచి షికాగో స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. కాబట్టి తన తిండి కోసం ప్రచురణ మీద ఆధారపడలేదు. ఇంత అల్లిక లేని బ్రాడ్‌సైడ్, 1970ల మధ్యలో అప్పుల పాలై రాండల్ చేతుల్లోంచి జారిపోయింది. థర్డ్ వరల్డ్ ప్రెస్ మాత్రం 2017లో యాభై ఏళ్లు నిండించుకుంది. 2006లో అది ప్రచురించిన ఒక పుస్తకం, నల్లజాతివారి సమస్యలపై టావిస్ స్మైలీ కూర్చినది, 'న్యూయార్క్ టైమ్స్' అమ్మకాల జాబితాలో ప్రథమ స్థానానికి చేరింది.

ఇంత చెప్పాక ఆయన పరిమితుల్ని చెప్పకపోతే అది విమర్శ కాదు, పొగడ్త అవుతుంది. 1974 ప్రాంతంలో అమిరి బరాకా జాతీయవాదం నుంచి మార్క్సిజం వైపు మళ్లినప్పుడు మధుబుటి ఆయనతో తెగతెంపులు చేసుకున్నాడు, పత్రికాముఖంగా వాదించాడు. జాతిని ముందుంచి వర్గాన్ని వెనక్కి నెట్టిన ఆ దృక్పథంతో నేను ఏకీభవించలేను. నల్ల కార్మికుడి శ్రమను దోచుకునే యజమాని నల్లవాడైనంత మాత్రాన దోపిడీ స్వభావం మారదు. తొలి కవిత్వంలో పురుషాహంకారం ఉందన్న విమర్శ కూడా న్యాయమైనదే. అయితే ఈ విషయంలో ఆయన నిలిచిన చోటే నిలిచిపోలేదు. 1994 నాటి వ్యాస సంపుటి 'క్లెయిమింగ్ ఎర్త్'లో, అత్యాచారాన్ని ఎదిరించే బాధ్యత పురుషులదేనని సూటిగా రాశాడు.

దృక్పథంలో ఆయనతో విభేదించేవాళ్లం కూడా ఆచరణలో ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఉంది. ఎవరి అనుగ్రహం మీద అచ్చు ఆధారపడుతుందో వారి అభిరుచి మెల్లగా కలంలోకి దిగుతుంది. ప్రత్యామ్నాయ సాహిత్యం కావాలంటే ప్రత్యామ్నాయ ప్రచురణ కావాలి. దానికి లెక్కల పుస్తకం, పంపిణీ, చదివే బడి, సమీక్షించే పత్రిక అన్నీ కావాలి. ఇవి కవికి తగని పనులని మన యువకవులు భావిస్తే, ఆ పనుల్ని మరెవరో చేస్తారు. ఏ కవితలు అచ్చవ్వాలో నిర్ణయించేదీ వారే అవుతారు.