‘నిశాంత్’: ఊరంతయు చూచిన రాత్రి

దొరతనపు దినములను చిత్రించు చలనచిత్రములు చాల వచ్చినవి. వానిలో దుర్మార్గుడొక్కడుండును, తుదకు వాడు శిక్షింపబడును, ప్రేక్షకుడు తేలికపడిన మనస్సుతో ఇల్లు చేరును. శ్యామ్ బెనగల్ 1975లో తీసిన ‘నిశాంత్’ అను హిందీ చిత్రము అట్టి ఊరట నీయదు. నిశాంతమనగా రాత్రి ముగియుట. ఆ రాత్రి అంత దీర్ఘమగుటకు దొర యొక్కడే కారణము కాడనుట ఈ చిత్రపు సారము.

కథాకాలము 1945, స్థలము తెలంగాణ పల్లె. భూమిపైని పెత్తనము మనుష్యులపై పెత్తనముగా మారి, వెట్టిచాకిరి సాగుచుండిన కాలమది. 1934లో సికింద్రాబాదు ప్రాంతమున జన్మించి, 2024లో కీర్తిశేషుడైన బెనగల్‌కు ఈ నేల పరాయిది కాదు. చిత్రానువాదము విజయ్ తెండూల్కర్‌ది.

ఆ యూరికి భార్యతో, బిడ్డతో ఒక బడిపంతులు వచ్చును. దొర తమ్ములు ఒక రాత్రి పంతులు భార్య సుశీలను బలవంతముగా ఎత్తుకొనిపోదురు. ఊరు చూచును, ఎవ్వరును కదలరు. పంతులు పోలీసులకు, వకీలుకు, కలెక్టరుకు మొరపెట్టుకొనును. ఏ వాకిటను న్యాయము దొరకదు. చదువుకొన్నవాని గతియే ఇట్లున్నచో, వెట్టివాని మాట చెప్పనేల? గిరీష్ కర్నాడ్ ఆ నిస్సహాయతను కేకలు లేకయే కనబరచెను.

చిత్రమున మిక్కిలి చిక్కైన ఘట్టము సుశీలకు, దొర చిన్నతమ్ముడు విశ్వమునకు నడుమ పెరిగిన మమకారము. విశ్వము పిరికివాడు, మెత్తనివాడు. రుక్మిణి యను భార్య గలవాడు. స్వేచ్ఛ లేనిచోట మొలచినదానిని ప్రేమ యనవచ్చునా? చిత్రము తీర్పు చెప్పదు. గుడిలో ఎదురుపడిన భర్తను మాత్రము సుశీల అతని చేతగానితనమునకై నిలదీయును. షబానా ఆజ్మీ కన్నులలో ఆ కోపము, దుఃఖము వేరుచేయరానివి.

ఆ నిందయే పంతులును మేల్కొల్పినది. పూజారి తోడ్పాటుతో ఆతడు ఊరిని కదిలించును. ఉత్సవదినమున జనము దొర యింటిపై బడును. దొర హతుడగును. ఏ పాపము నెరుగని రుక్మిణియు బలి యగును. కొండలకు పారిపోయిన విశ్వమును, వానితోడి సుశీలయు మిగులరు. ఎవతెకు జరిగిన అన్యాయమునకై ఊరు లేచెనో, ఆమెనే ఆ కోపము మ్రింగివేసినది.

1974లో వచ్చిన బెనగల్ ‘అంకుర్’ చివర ఒక బాలుడు భూస్వామి కిటికీపై రాయి విసరును. అది చూచి మనము సంతోషింతుము. ‘నిశాంత్’లో ఆ రాయి ఊరంతటి చేతికి వచ్చినది, కాని దానికి దోషి యెవరో, నిర్దోషి యెవరో తెలియలేదు. తొలిరాత్రియే నలుగురు అడ్డు నిలిచియుండినచో ఒక స్త్రీ తన యింట నిలిచియుండెడిది. ఆలసించిన ధర్మాగ్రహము గ్రుడ్డిదై వచ్చినది.

1946–51 నాటి తెలంగాణ రైతాంగ పోరాటమును పాఠముగా చెప్పు ఉపాధ్యాయులు, దానికి ముందటి చీకటిని విద్యార్థుల కెరిగించుటకు ఈ చిత్రమును వాడుకొనవచ్చును. అప్పుడు అడుగవలసిన ప్రశ్న దుష్టుడెవ్వడని కాదు. ఆ రాత్రి తలుపులు మూసికొన్నవారెవ్వరని.