రాజమహేంద్రవరపు ప్రాచీన మసీదు - దాని శాసనం

మధ్యయుగ చరిత్రను గోడలపై చూడగోరువారు ఐరోపాలోని చిన్న ప్రార్థనామందిరాలను దర్శిస్తారు. ఇటలీలోని పాదువా నగరంలో జొట్టో 1305 ప్రాంతంలో చిత్రించిన స్క్రోవెన్యి మందిరం అట్టివాటిలో సుప్రసిద్ధం. మసీదు గోడలపై ప్రాణుల చిత్రాలకు తావు లేదు. అక్కడ చిత్రం చేసిన పనిని ఇక్కడ లిపి చేస్తుంది. పాదువా చిత్రాలకు సుమారు ఇరవై ఏండ్ల తరువాతిదైన అట్టి లిపి మన గోదావరి తీరంలోనే ఉన్నది.

విద్యార్థులతో కలిసి రాజమహేంద్రవరపు ప్రాచీన మసీదును దర్శించేవారికి మేము మొదట చూపేది ద్వారంపైగల పారశీక శాసనాన్ని. దాని తేదీ హిజ్రీ 724, రంజాన్ 20. అనగా 1324 సెప్టెంబరు 10. నాటి ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్. ఈ ప్రాంతాన్ని జయించినవాడు ఆయన కుమారుడు ఉలుగ్ ఖాన్. మసీదును కట్టించినవాడు సాలార్ ఉల్వీ.

ఈ తేదీ విలువైనది. ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును జయించినది 1323లో. ఆ మరుసటి సంవత్సరమే అతని అధికారం గోదావరి వరకు వ్యాపించినదని ఈ రాయి తెలుపుతున్నది. 1325లో అతడే ముహమ్మద్ బిన్ తుగ్లక్ అనే పేర సుల్తాను అయినాడు. శాసనకాలంలో అతడింకా యువరాజే.

అయితే విజేతల వాక్యం ఒక్కటే చరిత్ర కాదు. కొద్ది సంవత్సరాలకే ముసునూరి ప్రోలయ నాయకుడు కోనసీమలోని విలస గ్రామాన్ని దానమిస్తూ వేయించిన సంస్కృత తామ్రశాసనం మరొక పక్షాన్ని వినిపిస్తున్నది. బందీగా ఢిల్లీకి పోవుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో మరణించినాడనీ, ఆ పిమ్మట ఆలయాలు భగ్నమైనాయనీ, అగ్రహారాలు అన్యాక్రాంతమైనాయనీ, కర్షకులు పండించిన పంటను కోల్పోయినారనీ అది వాపోతున్నది. రెడ్డిరాణి అనితల్లి 1423లో ఇచ్చిన కలువచేరు శాసనం ప్రతాపరుద్రుడు స్వేచ్ఛగా స్వర్గస్థుడైనాడని చెబుతున్నది. అప్పటికి నూరేండ్లు గడిచినవి.

ఈ మూడు శాసనాలూ గోదావరి మండలానికి చెందినవే. మసీదు శాసనాన్ని మాత్రమే చదివినవారికి ప్రజల బాధ తెలియదు. విలస శాసనాన్ని మాత్రమే చదివినవారికి, ఆ కాలంలోనే ఇక్కడ నమాజు చేసి, ఈ నేలలోనే స్థిరపడినవారి సంగతి తెలియదు. ఒకదానిని దాచి మరొకదానిని చదవడం విద్య అనిపించుకొనదు. తన వారికి ప్రియమైనదా, అప్రియమైనదా అన్న ప్రశ్నతో శాసనాన్ని సమీపించడమూ తగదు.

పారశీకం చదువగలవారు మన జిల్లాలలో నానాటికి తగ్గిపోతున్నారు. ఉర్దూ నేర్చిన మన విద్యార్థికి ఆ లిపి ముందే పరిచితం. తెలుగు నేర్చినవానికి సంస్కృత పదాలు కొత్తవి కావు. ఈ రెండు భాషలనూ ఒకే ప్రాంగణంలో బోధించే కళాశాలకు ఇది సహజమైన పని. విద్యార్థులు ఈ మసీదును ఒకసారి దర్శించి, ఆ తేదీని తమ కన్నులతో చదివి, పిదప విలస శాసనపాఠాన్ని గ్రంథాలయంలో తెరచి చూడవలెనని మా మనవి. కళాశాల సంఘమువారు ఇట్టి పఠనానికి ఏటా ఒక దినం కేటాయించిన యెడల కృతజ్ఞులమై ఉందుము.