అధిక సామర్థ్య విలాస సెడాన్లు - పోలిక

అధిక సామర్థ్య విలాస సెడాను అనగా నాలుగు తలుపులు, ఐదుగురు సుఖంగా కూర్చునే వసతి, వెనుక డిక్కీ కలిగి, చూడటానికి సాధారణ విలాస కారు వలెనే ఉండి, పందెపు కార్లకు దగ్గరగా ఉండే శక్తివంతమైన ఇంజనుతో తయారయ్యే కారు. ఈ తరగతిలో చిరకాలంగా పోటీ పడుతున్నవి మూడు జర్మన్ సంస్థల కార్లు: బి.ఎం.డబ్ల్యు. వారి ఎం5, మెర్సిడెస్-బెంజ్ వారి ఎ.ఎం.జి. ఇ-తరగతి కార్లు, ఆడి వారి ఆర్.ఎస్.6. వీటిని పనితీరు, నాణ్యత, విలువ అనే మూడు కోణాలలో పోల్చడం పరిపాటి. అయితే ఈ మూడింటిలో అంకెలకు సులువుగా లొంగేది మొదటిది మాత్రమే. మిగిలిన రెండూ కారును ఎంతకాలం, ఏ రహదారిపై, ఎంత ఖర్చుతో నడుపుతారన్న దానిపై ఆధారపడి ఉంటాయి. ఈ వ్యాసంలో మూడు కోణాలనూ విడివిడిగా వివరించి, చివర నంద్యాల జిల్లాలోని రహదారులను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

చరిత్ర

బి.ఎం.డబ్ల్యు. తన పందెపు విభాగాన్ని 1972లో ప్రత్యేక సంస్థగా ఏర్పాటు చేసింది. ఆ విభాగం 1980ల మధ్యలో తొలి ఎం5ను రూపొందించింది. ఎం1 అనే స్పోర్ట్స్ కారు ఇంజను నుండి అభివృద్ధి చేసిన 3.5 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజనును సాధారణ 5-శ్రేణి సెడానులో అమర్చారు. దాని శక్తి 286 అశ్వశక్తి. బయటికి ఆడంబరం లేకపోవడమే దాని ప్రత్యేకత.

ఎ.ఎం.జి.ని 1967లో హాన్స్ వెర్నర్ ఔఫ్రెక్ట్, ఎర్హార్డ్ మెల్షర్ కలిసి స్థాపించారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు, ఔఫ్రెక్ట్ స్వగ్రామమైన గ్రోసాస్పాఖ్ మొదటి అక్షరం కలిసి ఆ పేరు వచ్చింది. మొదట స్వతంత్ర సంస్థగా బెంజ్ కార్లకు శక్తిని పెంచే పని చేసిన ఎ.ఎం.జి. తరువాత బెంజ్ మాతృసంస్థలో కలిసిపోయింది. ఈ లోగా 1990లో మెర్సిడెస్-బెంజ్ 500 ఇ అనే కారును ప్రవేశపెట్టింది. వెడల్పు చేసిన దాని బాడీ బెంజ్ కర్మాగారపు ఉత్పత్తి వరుసలో పట్టకపోవడంతో కొంత పనిని పోర్షే కర్మాగారంలో చేయించవలసి వచ్చింది. 5 లీటర్ల వి8 ఇంజను గల ఈ కారు 326 అశ్వశక్తిని ఇచ్చేది.

ఆడి ఈ పోటీలోకి ఆలస్యంగా, 2002లో ఆర్.ఎస్.6తో వచ్చింది. 2008లో వచ్చిన దాని రెండవ తరం సెడాను తరువాత ఆడి ఆర్.ఎస్.6ను వెనుక పొడవైన డిక్కీ గల ఎస్టేటు రూపంలోనే కొనసాగించింది. ఈ రంగంలో ఇతర దేశాల కార్లూ ఉన్నాయి. 2021లో అమెరికాకు చెందిన క్యాడిలాక్ సి.టి.5-వి బ్లాక్‌వింగ్ 668 అశ్వశక్తితో వచ్చింది. అదే సంవత్సరం విడుదలైన టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ మూడు విద్యుత్ మోటార్లతో 1,020 అశ్వశక్తిని సాధించింది.

పనితీరు

అశ్వశక్తి, టార్క్

ఈ కార్ల వివరాలలో ముఖ్యంగా కనిపించే రెండు కొలతలు అశ్వశక్తి, టార్క్. టార్క్ అనగా ఇరుసును తిప్పే బలం. దీనిని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. అశ్వశక్తి అనగా ఆ బలంతో ఎంత వేగంగా పని జరుగుతున్నదో తెలిపే కొలత. రాయలసీమలో తిరునాళ్ళ సమయంలో జరిగే బండలాగుడు పోటీలతో దీనిని సులభంగా అర్థం చేసుకోవచ్చును. నిలిచి ఉన్న బండను కదిలించడానికి ఎద్దుల జతకు కావలసినది బలం. ఇది టార్క్ వంటిది. నిర్ణీత సమయంలో ఆ బండను ఎన్ని అడుగులు లాగాయన్నది అశ్వశక్తి వంటిది. పోటీలో బహుమతి రెండవ దానికే ఇచ్చినా, మొదటిది లేనిదే బండ కదలదు.

ఒకే సమయం, మూడు మార్గాలు

2002 - 2005 మధ్య విడుదలైన మూడు కార్లు ఈ పోటీకి మంచి ఉదాహరణ. మూడింటికీ తయారీదారులు ప్రకటించిన సమయం ఒక్కటే: నిశ్చల స్థితి నుండి గంటకు 100 కి.మీ. వేగాన్ని 4.7 సెకన్లలో అందుకుంటాయి. కానీ ఆ సమయాన్ని సాధించిన తీరులు వేరు.

* ఆడి ఆర్.ఎస్.6 (2002): 4.2 లీటర్ల వి8 ఇంజను, రెండు టర్బోలు, 450 అశ్వశక్తి, 560 న్యూటన్ మీటర్లు. శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. 5 గేర్ల ఆటోమేటిక్.
* మెర్సిడెస్-బెంజ్ ఇ55 ఎ.ఎం.జి. (2002): 5.4 లీటర్ల వి8 ఇంజను, సూపర్‌చార్జరు, 476 అశ్వశక్తి, 700 న్యూటన్ మీటర్లు. వెనుక చక్రాలకు మాత్రమే శక్తి. 5 గేర్ల ఆటోమేటిక్.
* బి.ఎం.డబ్ల్యు. ఎం5 (2005): 5 లీటర్ల వి10 ఇంజను, టర్బో గాని సూపర్‌చార్జరు గాని లేదు, 507 అశ్వశక్తి, 520 న్యూటన్ మీటర్లు. వెనుక చక్రాలకు మాత్రమే శక్తి. 7 గేర్ల, క్లచ్ పెడలు లేని గేరుపెట్టె.

ఎం5 ఇంజను తన పూర్తి శక్తిని నిమిషానికి 7,750 భ్రమణాల వద్ద ఇస్తుంది. అనగా ఇంజనును బాగా తిప్పితే గాని దాని అసలు సత్తా తెలియదు. ఇ55 ఇంజను సుమారు 2,650 భ్రమణాలకే గరిష్ఠ టార్క్‌ను అందిస్తుంది. కాబట్టి ఎత్తు రహదారిపై గాని, లారీని దాటేటప్పుడు గాని యాక్సిలరేటరును కొంచెం తొక్కితే సరిపోతుంది. ఆర్.ఎస్.6 నాలుగు చక్రాలతో నేలను పట్టుకొనడం వలన తడి రహదారిపై మిగిలిన రెండింటికంటే నిబ్బరంగా ఉంటుంది. 4.7 సెకన్లు అనే అంకె ఈ తేడాలలో ఒక్కదానినీ చెప్పదు. పందెపు బాటపై నడిపేవారికి ఎం5, రోజువారీ ప్రయాణానికి ఇ55, వానలు, మంచు ఉన్న ప్రాంతానికి ఆర్.ఎస్.6 అనుకూలమని చెప్పవచ్చును.

బరువు

శక్తి మాత్రమే చూసి కార్లను పోల్చడం పొరపాటు. ఆ శక్తి ఎంత బరువును మోయాలన్నది కూడా చూడాలి. ఎం5 వివిధ తరాల శక్తిని, బరువును (డ్రైవరు లేకుండా, సుమారుగా) పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

* తొలి తరం (1980ల మధ్య): 286 అశ్వశక్తి, 1,430 కి.గ్రా.; టన్నుకు 200 అశ్వశక్తి
* 1998: 400 అశ్వశక్తి, 1,720 కి.గ్రా.; టన్నుకు 233
* 2005: 507 అశ్వశక్తి, 1,755 కి.గ్రా.; టన్నుకు 289
* 2017: 600 అశ్వశక్తి, 1,855 కి.గ్రా.; టన్నుకు 323
* 2024: 727 అశ్వశక్తి, 2,435 కి.గ్రా.; టన్నుకు 299

2024 ఎం5లో వి8 ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు, బ్యాటరీ కూడా ఉన్నాయి. కాలుష్య నియమాల దృష్ట్యా ఇటువంటి హైబ్రిడ్ ఏర్పాటు అవసరమైనది. శక్తి 127 అశ్వశక్తి పెరిగినా బరువు 580 కి.గ్రా. పెరిగినందున 100 కి.మీ. వేగాన్ని అందుకొనే సమయం 3.4 సెకన్ల నుండి 3.5 సెకన్లకు పెరిగినది. మెర్సిడెస్ మరొక మార్గం ఎంచుకున్నది: 2024లో వచ్చిన ఇ53 హైబ్రిడ్‌లో వి8కు బదులు ఆరు సిలిండర్ల ఇంజనును విద్యుత్ మోటారుతో జతచేసింది.

బరువు ప్రభావం వేగం పుంజుకోవడంలోనే కాక వేగం తగ్గించడంలోనూ ఉంటుంది. ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు 2,435 కి.గ్రా. కారును ఆపడానికి బ్రేకులు, 1,755 కి.గ్రా. కారుతో పోలిస్తే దాదాపు 39 శాతం ఎక్కువ శక్తిని వేడిగా మార్చవలసి ఉంటుంది. మలుపులలో టైర్లపై ఒత్తిడి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

నాణ్యత

నాణ్యత అనే మాటలో రెండు వేరు వేరు విషయాలు కలిసి ఉన్నాయి. మొదటిది షోరూములో కంటికి, చేతికి తెలిసేది: తోలు సీట్లు, కొయ్య పనితనం, తలుపు మూసినప్పటి చప్పుడు, లోపలి నిశ్శబ్దం. ఎ.ఎం.జి. కర్మాగారంలో ఒక ఇంజనును మొదటి నుండి చివరి వరకు ఒకే పనివాడు బిగించి, దానిపై తన పేరు గల ఫలకాన్ని అతికించే పద్ధతి ప్రసిద్ధి పొందినది. లోపలి భాగాల అమరికలో 2000ల నాటి ఆడి కార్లకు మంచి పేరుండేది.

రెండవది పది సంవత్సరాల తరువాత తెలిసేది: మన్నిక. ఈ కోణంలో ఈ తరగతి కార్లన్నింటికీ బలహీనతలు ఉన్నాయి. 2005 ఎం5లో క్రాంక్‌షాఫ్టుకు పిస్టను కడ్డీలను కలిపే చోట ఉండే బేరింగులు త్వరగా అరగడం, గేరుపెట్టెలోని హైడ్రాలిక్ పంపు చెడిపోవడం తరచుగా చెప్పబడే సమస్యలు. తొలి ఆర్.ఎస్.6లో ఆటోమేటిక్ గేరుపెట్టె, సస్పెన్షనులోని ద్రవం కారడం అటువంటివే. ఇ55 వచ్చిన తరపు ఇ-తరగతి కార్లలో వాడిన విద్యుత్-హైడ్రాలిక్ బ్రేకు వ్యవస్థలో లోపాల వలన 2004, 2005 సంవత్సరాలలో మెర్సిడెస్ పెద్ద సంఖ్యలో కార్లను వెనక్కు పిలిపించి సరిచేసింది. 2006లో ఆ వ్యవస్థనే ఇ-తరగతి నుండి తొలగించింది.

దీనికి కారణం ఊహించదగినదే. సాధారణ సెడాను కొలతలలో రెట్టింపు శక్తిని ఇమిడ్చినప్పుడు వేడి పెరుగుతుంది, భాగాల మధ్య ఖాళీ తగ్గుతుంది, ప్రతి భాగమూ తన ఓర్పు హద్దుకు దగ్గరగా పనిచేస్తుంది. అందుచేత ఇటువంటి కారును వాడినదిగా కొనేవారు కిలోమీటర్ల లెక్కకంటే, నూనె మార్పులు, మరమ్మత్తులు సకాలంలో జరిగినట్లు తెలిపే సర్వీసు పుస్తకాన్ని ముఖ్యంగా చూడవలసి ఉంటుంది.

వెల, విలువ

వెల, విలువ ఒకటి కావు. వెల కొన్న రోజున ఒకేసారి చెల్లించేది. విలువ కారును వాడినంత కాలం పొందేదానికీ, ఖర్చు చేసేదానికీ గల నిష్పత్తి. భారతదేశంలో వెలను ముఖ్యంగా నిర్ణయించేది పన్ను. పూర్తిగా తయారై దిగుమతి అయ్యే ఖరీదైన కార్లపై కారు వెలకంటే ఎక్కువ సుంకం పడుతుంది. ఆపైన వస్తు సేవల పన్ను ఉన్నది. పెద్ద కార్లకు ఇది 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం. విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించిన కార్లపై సుంకం చాలా తక్కువ.

2021లో భారతదేశంలో విడుదలైన రెండు కార్లు దీనికి ఉదాహరణ. చెన్నైలో బిగించిన బి.ఎం.డబ్ల్యు. ఎం340ఐ షోరూము వెల 62.9 లక్షల రూపాయలు. అది 100 కి.మీ. వేగాన్ని 4.4 సెకన్లలో అందుకుంటుంది. దిగుమతి అయిన మెర్సిడెస్-ఎ.ఎం.జి. ఇ63 ఎస్ వెల 1.70 కోట్లు, దాని సమయం 3.4 సెకన్లు. ఇ63 ఎస్ పెద్దది, మరింత సౌకర్యవంతమైనది అన్న మాట నిజమే. కానీ వేగం ఒక్కటే చూస్తే ఒక సెకను తేడాకు చెల్లించే మొత్తం ఒక కోటి ఏడు లక్షల రూపాయలు. 2024లో హైబ్రిడ్ ఎం5 భారతదేశంలో 1.99 కోట్లకు విడుదలైనది.

వాడుక ఖర్చు మరొక విషయం. 2005 ఎం5 అధికారిక పరీక్షలలో 100 కి.మీ.కు 14.8 లీటర్ల పెట్రోలు వాడింది, అనగా లీటరుకు 7 కి.మీ. కూడా రాదు. 70 లీటర్ల ట్యాంకు నింపినా 470 కి.మీ.కు మించి వెళ్ళడం కష్టం. టైర్లు, బ్రేకు డిస్కులు, బీమా కూడా సాధారణ కార్లకంటే అనేక రెట్లు ఖరీదైనవి. వీటికి తోడు, ఈ కార్ల పునర్విక్రయ ధర మొదటి కొన్ని సంవత్సరాలలోనే బాగా పడిపోతుంది.

రహదారి: నంద్యాల జిల్లా ఉదాహరణ

ఒక కారు విలువను చివరకు నిర్ణయించేది అది నడిచే రహదారి. నంద్యాల జిల్లాలో రెండు భిన్నమైన రహదారులు ఉన్నాయి. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడప వెళ్ళే 40వ నెంబరు జాతీయ రహదారి మధ్యలో విభాగిని గల నాలుగు వరుసల రహదారి. కర్నూలు నుండి ఆత్మకూరు మీదుగా దోర్నాల వెళ్ళే రహదారి ఆత్మకూరు దాటిన తరువాత నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది.

2018లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం విభాగిని గల నాలుగు వరుసల రహదారులపై కార్ల వేగం గంటకు 100 కి.మీ., ఇతర రహదారులపై 70 కి.మీ. నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు దూరం సుమారు 40 కి.మీ. చట్టబద్ధమైన వేగంతో వెళ్తే 387 అశ్వశక్తి గల కారుకూ, 727 అశ్వశక్తి గల కారుకూ పట్టే సమయం ఒక్కటే: 24 నిమిషాలు. జర్మనీలోని ఆటోబాన్‌లపై కొన్ని భాగాలలో వేగ పరిమితి లేదు. ఈ కార్లు పుట్టినది ఆ రహదారుల కొరకు. అక్కడ కూడా చాలా కార్లను తయారీదారులే గంటకు 250 కి.మీ. వద్ద నియంత్రిస్తారు.

ఆత్మకూరు మార్గంలో అడవి మలుపులు, అడ్డు వచ్చే పశువులు, వన్యప్రాణులు, ఊళ్ళ దగ్గర స్పీడ్ బ్రేకర్లు, పంట కాలంలో రహదారి పక్కన ఆరబోసిన ధాన్యం ఉంటాయి. ఇక్కడ ఉపయోగపడేవి వేగంగా పనిచేసే బ్రేకులు, మంచి హెడ్‌లైట్లు, తక్కువ భ్రమణాల వద్ద లభించే టార్క్. ఇబ్బంది పెట్టేవి నేలకు దగ్గరగా ఉండే బాడీ, గుంతలకు రిమ్ములను కాపాడలేని పలుచని అంచు గల టైర్లు. 100 కి.మీ. వేగంలో ఉన్న కారు గతిశక్తి 70 కి.మీ. వేగంలో ఉన్నదానికి రెట్టింపు. కారు ఎంత ఖరీదైనదైనా ఈ భౌతిక సూత్రం మారదు. లోపల నిశ్శబ్దంగా ఉండే కారులో వేగం తక్కువగా అనిపిస్తుంది గనుక డ్రైవరు వేగమాపకాన్ని తరచుగా గమనించడం అవసరం. ఈ కార్ల అధికారిక సేవా కేంద్రాలు పెద్ద నగరాలలోనే ఉండటం కూడా ఇటువంటి ప్రాంతాలలోని వారు లెక్కలోకి తీసుకోవలసిన ఖర్చే.

పోలికలో గమనించవలసినవి

* అశ్వశక్తిని బరువుతో భాగించి చూడాలి.
* సెకన్లతో పాటు టార్క్ ఏ భ్రమణాల వద్ద లభిస్తుందో, శక్తి ఎన్ని చక్రాలకు అందుతుందో చూడాలి.
* ఒకే సంవత్సరపు కార్లను, ఒకే దేశపు ధరలను పోల్చాలి.
* షోరూము నాణ్యతను, మన్నికను వేరు వేరుగా లెక్కించాలి.
* వెలతో పాటు ఐదు సంవత్సరాల పెట్రోలు, టైర్లు, బీమా, మరమ్మత్తులు, తరుగుదల కలిపి చూడాలి.
* కారు నడిచే రహదారిపై దాని శక్తిలో ఎంత భాగం చట్టబద్ధంగా వాడగలరో అంచనా వేయాలి.

ఇవి కూడా చూడండి

* అశ్వశక్తి
* అంతర్దహన యంత్రం
* హైబ్రిడ్ వాహనం
* నంద్యాల జిల్లా
* ఆత్మకూరు