జర్మన్ భాషలో నాలుగు మాటలు

కొత్త భాషలోని మాటలను పుస్తకం చూసి కంఠస్థం చేయవచ్చు. కాని ఏ మాట ఎవరితో, ఏ సందర్భంలో అనాలో తెలియకపోతే ఆ మాటలే చిక్కులు తెచ్చిపెడతాయి. జర్మన్ భాషలో నిత్యం వాడే చిన్న చిన్న వాక్యాలే ఇందుకు మంచి ఉదాహరణ.

జర్మన్ భాష జర్మనీ, ఆస్ట్రియా దేశాలలోను, స్విట్జర్లాండులో ఎక్కువ భాగంలోను వ్యవహారంలో ఉంది. తొమ్మిది కోట్లకు పైగా ప్రజలకు అది మాతృభాష. ఉన్నత విద్య కోసం, ఉద్యోగాల కోసం భారతదేశం నుండి జర్మనీకి వెళ్ళేవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. వారికి మొదట అవసరమయ్యేది పలకరింపు.

జర్మన్లు ఉదయం 'గూటెన్ మోర్గెన్' అనీ, పగలు 'గూటెన్ టాక్' అనీ, సాయంత్రం 'గూటెన్ ఆబెంట్' అనీ పలకరించుకుంటారు. చిన్న దుకాణంలో అడుగు పెట్టినా, వైద్యుని కోసం వేచి ఉండే గదిలోకి వెళ్ళినా అక్కడున్నవారిని పలకరించడం మర్యాద. 'గూటె నఖ్ట్' అంటే శుభరాత్రి. అయితే అది పలకరింపు కాదు, నిద్రకు వెళ్ళేటప్పుడు చెప్పే మాట. దక్షిణాన బవేరియాలోను, ఆస్ట్రియాలోను 'గ్ర్యూస్ గొట్' అనే పలకరింపు ఎక్కువగా వినిపిస్తుంది. ఉత్తర జర్మనీలో 'మోయిన్' అనే ఒక్క మాట ఏ వేళకైనా సరిపోతుంది.

సెలవు తీసుకొనేటప్పుడు 'ఔఫ్ వీడర్‌జేన్' అంటారు. 'మళ్ళీ చూసుకొనే వరకు' అని దాని భావం. తెలుగువారు ఇల్లు దాటేటప్పుడు 'వెళ్తాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. తమిళంలో 'పోయిట్టు వరేన్' అన్నా, మరాఠీలో 'యేతో' అన్నా తిరిగి వస్తాననే అర్థం. జర్మన్ మాటలోనూ అదే ఆశ ఉంది. టెలిఫోనులో మనిషి కనిపించడు కనుక అక్కడ 'ఔఫ్ వీడర్‌హ్యోరెన్', అంటే 'మళ్ళీ వినే వరకు' అంటారు. స్నేహితుల మధ్య 'చ్యూస్' అంటే చాలు.

ఉచ్చారణలో తెలుగు విద్యార్థికి కొన్ని సౌకర్యాలు ఉన్నాయి. 'చాప', 'చుక్క' అనే మాటలలోని దంత్య చకారం జర్మన్‌లోనూ ఉంది. పది అనే అర్థం గల 'ట్సేన్' అనే మాట ఆ ధ్వనితోనే మొదలవుతుంది. 'నేను' అనే అర్థం గల 'ఇశ్' అనే మాటను తెలుగు శకారాన్ని మెల్లగా ఊదినట్లు పలకాలి. తెలుగులో లేని అచ్చులు రెండు ఉన్నాయి. పెదవులను ఊ అన్నట్లు గుండ్రంగా చుట్టి ఈ అంటే ఒకటి వస్తుంది. ఓ అన్నట్లు చుట్టి ఏ అంటే రెండవది వస్తుంది. అద్దం ముందు నిలబడి పెదవులను చూసుకుంటూ సాధన చేస్తే అవి త్వరలోనే పట్టుబడతాయి.

పేరు అడగడానికి 'వీ హైసెన్ జీ?' అంటారు. 'మీ పేరేమిటి?' అని అర్థం. 'ఇశ్ హైసె రవి' అంటే 'నా పేరు రవి' అని జవాబు. ఈ ప్రశ్నలోని 'జీ' అనే మాటను ఉర్దూ 'బాజార్' లోని జకారంతో పలకాలి. 'మీరు' అని దాని అర్థం. 'నువ్వు' అనడానికి 'డూ' అనే మాట ఉంది. 'జీ' అన్నప్పుడు ఎదుట ఉన్నది ఒక్కరే అయినా క్రియ బహువచనంలో ఉంటుంది. ఒక్కరిని గౌరవించడానికి బహువచనం వాడడం తెలుగువారికి అలవాటే.

అయితే ఈ రెండు మాటల వాడుకలో ఒక తేడా ఉంది. జర్మన్ పిల్లలు తల్లిదండ్రులనే కాక తాతను, నాయనమ్మను కూడా 'డూ' అనే పిలుస్తారు. అందులో అగౌరవం లేదు, దగ్గరితనం ఉంది. ఉపాధ్యాయుని, దుకాణదారుని, దారిన పోయే అపరిచితుని మాత్రం 'జీ' అనాలి. పరిచయం పెరిగిన తరువాత 'ఇక డూ అనుకుందాం' అని సాధారణంగా పెద్దవారే ముందుగా అంటారు. అంతవరకు 'జీ' అనడమే క్షేమం.

'బిట్టె' అంటే 'దయచేసి'. 'డంకె' అంటే కృతజ్ఞత తెలిపే మాట. ఇవి తేలికైన మాటలే కాని భోజనం దగ్గర జాగ్రత్త అవసరం. గృహిణి మరి కొంచెం వడ్డించనా అని అడిగినప్పుడు అతిథి 'డంకె' అని ఊరుకుంటే, ఆమె 'వద్దు' అని అర్థం చేసుకొని గిన్నె పక్కన పెట్టవచ్చు. కావాలంటే 'యా, బిట్టె' అనాలి. వద్దంటే 'నైన్, డంకె' అనాలి. తెలుగింటిలో అతిథి వద్దన్నా కొసరి కొసరి వడ్డిస్తారు. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే లెక్క. ఆకలిగా ఉన్న అతిథి మొహమాటపడితే పస్తు తప్పదు.

అంకెలలోనూ మెలకువ కావాలి. ముప్పై నాలుగును జర్మన్‌లో 'ఫీర్ ఉంట్ డ్రైసిశ్', అంటే 'నాలుగు మరియు ముప్పై' అంటారు. విన్న వరుసలోనే రాసుకుంటే 34 కాస్తా 43 అవుతుంది. తెలుగు, కన్నడం, తమిళం పదులను ముందు చెబుతాయి. మరాఠీ, ఒడియా భాషలు ఒకట్లనే ముందు చెబుతాయి. మరాఠీలో 21ని 'ఏక్‌వీస్' అంటారు. కనుక మహారాష్ట్రలోను, ఒడిశాలోను పెరిగిన తెలుగు పిల్లలకు జర్మన్ పద్ధతి వింతగా తోచదు.

గడియారం చూసి చెప్పే మాట ఇంకా చిక్కైనది. 'హల్ప్ ఫీర్' అనే మాటలో 'సగం', 'నాలుగు' అనే రెండు పదాలు ఉన్నాయి. తెలుగు విద్యార్థి దానిని నాలుగున్నర అనుకొనే ప్రమాదం ఉంది. నిజానికి అది మూడున్నర. మూడు దాటి నాలుగవ గంటలో సగం గడిచిందని భావం. పొరపాటు పడినవారు గంట ఆలస్యంగా చేరుతారు.

ఇన్ని మెలకువలు ఒక్కరోజులో రావు. అందుకే మొదట నేర్చుకోవలసిన మరొక వాక్యం ఉంది. 'ఇశ్ ఫెర్‌ష్టేయె నిశ్ట్' అంటే 'నాకు అర్థం కాలేదు' అని అర్థం. దానికి 'బిట్టె, లంగ్‌జామ్', అంటే 'దయచేసి, మెల్లగా' అని చేర్చితే ఎదుటివారు నిదానంగా మరల చెబుతారు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవారికి ఏ భాషా రాదు.

బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మత ప్రచారకుడు 1720ల దశకంలో మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నారు. తెలుగు వ్యాకరణాన్ని లాటిన్ భాషలో రాశారు. తిరిగి వెళ్ళిన తరువాత 1740ల దశకంలో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలను అచ్చు వేయించారు. ఆయనకు కూడా తెలుగు ఒకప్పుడు అర్థంకాని భాషే.

ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష మాట్లాడే పిల్లలు ఈ పనిని చిన్నతనం నుండే చేస్తున్నారు. ఏ మాట ఎక్కడ అనాలో గమనించడం వారికి అలవాటైన విద్య. జర్మన్ నేర్చుకోవడానికైనా, మరే భాష నేర్చుకోవడానికైనా కావలసిన పెట్టుబడి అదే.